ధనుర్వాతం గది ముందు లింగారెడ్డి

1955 వేసవి. కర్నూలు అప్పుడు రాష్ట్ర రాజధాని. ఆఫీసులు డేరాల్లో, గుమాస్తాలు ఇరుకు అద్దె గదుల్లో, మా ఆసుపత్రికి వచ్చినవాళ్ళు వరండాల్లో సర్దుకునేవాళ్ళు. నేను స్టాఫ్ నర్సుగా చేరి ఎక్కువ కాలం కాలేదు. మాది బద్వేలు. కోపం నాకు ముక్కు మీదే ఉండేది. "ఈ పిల్ల నర్సు పని చేస్తాదా, పోలీసు పని చేస్తాదా" అని మా అమ్మ దిగులు పడేది.

మా హెడ్ సిస్టర్ సుగుణమ్మ గారు నా సంగతి చేరిన కొత్తలోనే కనిపెట్టేశారు. ఆవిడకు ఒక పద్ధతి ఉండేది. నర్సుకు కోపం వచ్చిందని తెలిస్తే మందలించేవారు కాదు. "పోయి గాజుగుడ్డ మడతపెట్టు" అనేవారు. వరండా చివర బల్ల మీద గాజుగుడ్డ తాను ఉండేది. దాన్ని కత్తిరించి, అంచు పోగులు లోపలికి పోయేలా మడిచి డ్రెస్సింగ్ ప్యాడ్లు చేయాలి. పోగు బయటికి వచ్చిందంటే పుండుకు అంటుకుంటుంది కాబట్టి మనసంతా చేతుల మీదే పెట్టాలి. ఈ వార్డుకు ప్యాడ్ల కొరత లేదంటే నీ పుణ్యమేనని తోటి నర్సులు నన్ను ఆటపట్టించేవాళ్ళు.

ఆ వేసవిలోనే కల్లూరు అవతలి పల్లె నుంచి మద్దిలేటి అనే పడుచు రైతును ఎద్దులబండిలో తెచ్చారు. దుక్కి దున్నుతుంటే మడక కర్రు పాదంలో దిగిందట. టెటనస్, అంటే ధనుర్వాతం. దవడ బిగుసుకుపోయి నోరు తెరుచుకోవడం లేదు. ఈ జబ్బులో చిన్న చప్పుడైనా, వెలుతురు పడినా స్పాజం వస్తుంది. ఒళ్ళంతా ఒక్కసారిగా కొయ్యబారిపోయే ఈడ్పు అది. ఊపిరి కూడా ఆగిపోతుంది, తిరిగి వస్తుందో రాదో చెప్పలేం. విషానికి విరుగుడుగా సీరం ఇచ్చారు, నిద్రమందు ఇచ్చారు, కడుపులోకి గంజి పోయడానికి ముక్కులోంచి రైల్స్ ట్యూబు అనే సన్న గొట్టం వేశారు. మేము కిటికీలకు నల్లగుడ్డ కట్టి, తలుపు బందులకు నూనె రాసి, చెప్పులు విప్పి తిరిగేవాళ్ళం. ఆపైన మా చేతిలో ఉన్న మందల్లా చప్పుడు కానివ్వకపోవడమే.

అతని అన్న లింగారెడ్డి. తండ్రి పోయాక తమ్ముణ్ణి సాకినవాడు. మామూలుగా మాట్లాడినా పొలం అవతలి గట్టుకు వినపడే గొంతు. మర్నాడు పొద్దున తలుపు సందులోంచి ఆ గొట్టం చూశాడు. అంతే, గుమ్మంలోనే నా మీద విరుచుకుపడ్డాడు.

"ఏమ్మా, మనిషిని చీకట్లో ఏసి ముక్కులో గొట్టం దోపినారు. బతికిస్తాండారా, సంపుతాండారా? నీకు అన్నదమ్ములు ఉండారా లేరా?"

లోపల మంచం కిర్రుమంది. మద్దిలేటికి ఈడ్పు వచ్చింది. నేను లోపలికి పరుగెత్తి, పక్కకు తిప్పి, నోటి దగ్గర చొంగ తుడిచి, అతని ఛాతీ మళ్ళీ కదిలేదాకా నా ఊపిరి బిగబట్టుకుని నిలబడ్డాను. బయటికి వస్తే లింగారెడ్డి ఇంకో మాటకు నోరు తెరుస్తున్నాడు. నా నాలుక చివరి దాకా వచ్చిన మాటలు ఇక్కడ రాయను. అవి పైకి అని ఉంటే ఆయనకు కాదు, లోపలున్న మనిషికి తగిలేవి. పళ్ళు కొరుక్కుని, ఆయన భుజం మీది టవలు కొస పట్టుకుని వరండా చివరి దాకా లాక్కుపోయాను. ఏం చేయాలో తోచలేదు. నాకు తెలిసిన వైద్యం అదొక్కటే కాబట్టి గాజుగుడ్డ ముక్క ఆయన చేతిలో పెట్టాను.

"ఇదేంది?" అన్నాడు.

"మడతపెట్టన్నా. పోగు బయటికి రాకూడదు. మీ తమ్ముని కాలికి కట్టేది ఇదే." "నీ అరుపు ఇంటే ఆయప్పకు ఈడ్పు వస్తాది. ఇంగోసారి వస్తే ఊపిరి తిరుగుతాదో లేదో నేను చెప్పలేనన్నా."

ఆయన బల్ల ముందు కూలబడి మడతపెట్టడం మొదలుపెట్టాడు. నేనూ పక్కన నిలబడి మడతపెట్టాను. ఒక ప్యాడు మడిచి పక్కన పెట్టి, తల ఎత్తకుండానే అన్నాడు.

"నర్సమ్మా, ఆ పుండు మింద పేడ పెట్టింది నేనే. మా నాయన పెడ్తాండె, నేనూ పెట్టినా. ఈ జబ్బు ఆ పేడలోంచే వస్తాదంట. నా తమ్ముణ్ణి నేనే సంపుకుంటాండానేమో."

నా కోపం ఎటు పోయిందో తెలియదు. పొద్దున ఆయన అరిచింది నా మీద కాదని అప్పుడు అర్థమైంది. "తెలిసి పెట్టల్యా కదన్నా" అన్నాను.

ఆ రోజు నుంచి లింగారెడ్డి గది గుమ్మం పక్కనే గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఒక్క మాట మాట్లాడలేదు. చూడవచ్చిన చుట్టాలను వరండా మొదట్లోనే చేతులు అడ్డం పెట్టి ఆపేవాడు. కాకి వాలినా టవలు ఊపి తోలేవాడు. ఖాళీగా ఉంటే ప్యాడ్లు మడిచేవాడు. సుగుణమ్మ గారు ఒకటి తీసి అటూ ఇటూ తిప్పి చూసి, "నీకంటే నయం" అని నాతో అన్నారు.

ఈడ్పులు మెల్లగా తగ్గాయి. వేసవి చివర్లో ఒక ఉదయం నల్లగుడ్డ కాస్త పక్కకు జరిపి, చెంచాతో గంజి పట్టాను. మింగాడు. దవడ వదులైంది. కాసేపు తడబడి, మద్దిలేటి మొదటి మాట అన్నాడు.

"మా అన్న నన్ను ఇడ్సిపెట్టి పోయినాడా నర్సమ్మా? ఒగనాడన్నా గొంతు ఇనపల్యా."

లింగారెడ్డి గుమ్మంలోనే ఉన్నాడు. మాట్లాడొచ్చా అన్నట్టు నా వైపు చూశాడు. తల ఊపాను. దగ్గరికొచ్చి, తమ్ముడి చెవి మీదికి వంగి, "ఈడనే ఉండా రా" అన్నాడు. పక్కనే ఉన్న నాకే ఆ మాట సరిగా వినపడలేదు. నేను ఏడ్చేశాను, దాచుకోలేదు.

తర్వాత ఎన్నో వార్డుల్లో పనిచేశాను, ఎందరితోనో తిట్లు తిన్నాను. ఎవరు నా మీద అరిచినా, ఈ మనిషి దేనికి భయపడుతున్నాడా అని ముందు చూస్తాను. ఆ చూపు లేకపోతే నేను ఈ ఉద్యోగం వదిలేసి ఎప్పుడో బద్వేలు పోయి ఉండేదాన్ని. దాన్ని నాకిచ్చింది లింగారెడ్డి. అరవడం తప్ప ఎరగని ఆ మనిషి తమ్ముడి కోసం అన్నాళ్ళు నోరు మెదపకుండా కూర్చున్నాడు. ఆయనకు నేను ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.