గెల ముగ్గబెట్టబోతే లేజరు ముగ్గింది

వంద పెనాల మీద ఒకేసారి పెసరట్లు వేసినట్టు వీధంతా ‘స్‌స్‌స్’మంది. క్రికెట్ చివరి ఓవర్లు. అందరి టీవీల్లోనూ చుక్కల వాన. మా టీవీలో మాత్రం బ్యాట్స్‌మన్ నిక్షేపంగా ఆడుతున్నాడు. కొత్తపేటలో కేబుల్ నడిపేది మేమే. బొమ్మ మా ఇంట్లో ఉండి ఊళ్ళో లేదంటే తప్పు మధ్యలో ఉన్న పెట్టెది. పెట్టె తప్పంటే నా తప్పే. కొంప మునిగిన వైనం వినండి.

ఆ పెట్టె ఆప్టికల్ యాంప్లిఫయర్. గాజు తీగలో దూరం వెళ్ళే వెలుగు నీరసిస్తుంది కదా, ఎర్బియం అనే అరుదైన లోహం కలిపిన తీగలోంచి దాన్ని పంపి, లేజరుతో బలం పోస్తుందది. మా ఆయన కువైట్ ఎండలో మాడి సంపాదించిందంతా పెట్టి దాన్ని కొని, ఏసీ గదిలో కూర్చోబెట్టారు. మా బొమ్మ ఎప్పుడు పోతుందా అని వెనక వీధిలో కొత్తగా దిగిన పోటీ కేబులాయన కొంగలా కాచుకుని ఉన్నాడు.

ఆ మ్యాచ్ మర్నాడే చంటిదాని పుట్టినరోజు పేరంటం. తాంబూలాల్లోకి తెచ్చిన అరటిగెల పచ్చిగా ఉంది. పెట్టె వెనక నుంచేమో వెచ్చటి గాలి! నా బీఎస్సీ ఫిజిక్సు బుర్ర మెరిసింది: వెళ్ళేది వెలుగు, దాన్ని వేడి ఏం చేస్తుంది? మా ఆయన రాజమండ్రి బస్సెక్కగానే ఏసీ ఆపి, గెలని పెట్టెకి ఆనించి, రెండింటికీ గోనెపట్టా కప్పాను. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నాది పోతూ పోతూ ఊరి బొమ్మని కూడా పట్టుకుపోయింది.

బొమ్మ పోగానే గేటు దగ్గరికి వచ్చేశారు ఎదురింటి మాస్టారు. “అమ్మాయిగారూ! గెలుస్తామో ఓడతామో తెలీక చచ్చిపోతన్నామండీ. వెనకాయన ఇప్పుడే మాకు తన తీగ లాగేస్తానంటన్నాడండీ, ఆయ్!”

“వచ్చేస్తుందండీ, ఒక్క నిమిషం!”

లోపల ఫోను. ఎవరో కబురందించినట్టున్నారు, మా ఆయన.

“ఏసీ ఆన్‌లో ఉందా?”

“ఉందండీ.” అప్పుడే వేశాను.

“ఎర్ర లైటు వెలుగుతోందా?”

గోనెపట్టా అంచు ఎత్తి చూశాను. “నిప్పుకణికలా ఉందండీ.”

“ఏం చేసేవే? లోపలి లేజరు వేడెక్కితే నీరసించిపోద్ది. ఇంకా కాగితే ఇక లేవదు! కువైట్ ఎండకి నేను తట్టుకున్నాను గానీ అది తట్టుకోదే!”

పట్టా లాగిపారేశాను. పెట్టె ఇడ్లీపాత్రలా కాలుతోంది. చంటిది చంకలో, తాటాకు విసనకర్ర చేతిలో. కట్టుకున్నవాడికి కూడా అంత శ్రద్ధగా విసిరి ఎరగను. ‘లే నాయనా, లే’ అని లేజరుని బతిమాలాను. ఎర్ర లైటు కదలదు. వీధిలో అరుపులు పెరుగుతున్నాయి. వెనకాయన నిచ్చెన గోడకి తగిలిన చప్పుడు కూడా వినిపించింది.

ఆకుపచ్చ లైటు!

వీధి కేరింతలతో హోరెత్తింది. ఆఖరి ఓవరు దక్కింది. నిచ్చెన వెనక్కి వెళ్ళింది.

“ఏవైందండీ ఇంతకీ?” అన్నారు మాస్టారు, గది గుమ్మంలోంచి తొంగిచూసి.

“పెట్టెకి జ్వరం వచ్చిందండీ.”

“పక్కన గెలెందుకండీ మరి? పరామర్శకి తెచ్చేరా?”

ఇంతా చేస్తే గెల ముగ్గలేదు. ఒక్క కాయకైనా పసుపు రంగు తిరగలేదు. చంటిదాని మీద ఒట్టు, ఆ గదిలోకి ఇక తినే వస్తువేదీ తీసుకెళ్ళను, అరిటాకుతో సహా.

పొద్దున్నే పెద్ద పిల్లలిద్దర్నీ కూర్చోబెట్టి చెప్పాను: “ఇవాళ తాంబూలంలో పచ్చి అరటికాయలేమిటని ఎవరైనా అడిగితే, మా ఇంటి ఆచారం అనండి. లేజరు ఊసెత్తారో, మీకు వారం రోజులూ అరటికాయ వేపుడే.”