ఐదు హెచ్‌పీ మోటరుకు ఎన్ని యురేనియంలు?

ఆ రోజుల్లో నాకు ఎలక్ట్రాన్ వోల్టు మీద ఉన్న ప్రేమ ఇంట్లోవాళ్ల మీద కూడా ఉండేది కాదంటే నమ్మండి. అప్పుడే ఎంఎస్సీ ఫిజిక్సు ముగించి అనంతపురం నుంచి ఊరికి వచ్చాను. పరమాణువు లోపలి శక్తిని జౌల్‌లో చెప్పబోతే సున్నా తర్వాత సున్నా రాయలేక చెయ్యి నొప్పి పుడుతుంది. అదే ఎలక్ట్రాన్ వోల్టుల్లో అయితే ఒకటి, పది, రెండు వందలు అని ఇంట్లో బియ్యం కొలుచుకున్నంత హాయిగా చెప్పుకోవచ్చు. (ఒక ఎలక్ట్రాన్ ఒక వోల్టు తేడా దాటితే దానికి ఎంత శక్తి వస్తుందో అంత. ఇంతే. భయపడకండి, మీకు పరీక్ష పెట్టను.) ఈ మాట ఎవరికైనా చెప్పకపోతే నాకు నిద్ర పట్టేది కాదు. వినేవాళ్లే లేరు. మా నాయన కొంతసేపు విని, "పాపా, రొంత కారం తగ్గించమని మీయమ్మకు చెప్పు" అని లేచిపోయేవాడు.

పైగా మా పెద్దమ్మ కొడుకు చిలమత్తూరు దగ్గర బట్టల ఫ్యాక్టరీలో నాకు చొక్కాలు లెక్కపెట్టే పని చూసి పెట్టాడు. సోమవారం చేరాలి. ఈలోగా కంబదూరు వైపు ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెప్పేవాళ్లు కావాలని తెలిసింది. డెమో క్లాసు నెగ్గితే యురేనియం, ఓడితే చొక్కాలు. నాకు ఏడుపొక్కటే తక్కువ. ఆ కాలేజీ కరస్పాండెంటుకు వేరుశనగ నూనె మిల్లు ఉంది, అందుకని అందరూ ఆయనను మిల్లు సారు అనేవారు. డెమో క్లాసుకు ఆయన పెట్టుకున్న కొలత ఒకటే. చివరి బెంచీలో కూర్చుంటాడు. క్లాసు నిశ్శబ్దంగా ఉంటే పాఠం బాగున్నట్టు, గలాటా అయితే మనిషి పనికిరానట్టు. నాకంటే ముందు చెప్పిన కడప ఆయన క్లాసులో పిల్లలు ఊపిరి కూడా మెల్లగా తీశారని అటెండరు చెప్పి నా గుండెల్లో రాయి వేశాడు.

నాయన నన్ను బండి మీద దింపి, వెళ్లమంటే వెళ్లకుండా క్లాసు కిటికీ పక్కనే నిలబడ్డాడు. ("నువ్వు చెప్పుకో పాపా, నేను ఊరికే నీడకు నిలబడుకోని ఉంటా" అన్నాడు. ఆ పక్కన నీడ లేదు.) నేను బోర్డు మీద రాశాను: ఒక యురేనియం కేంద్రకం పగిలితే రెండు వందల మెగా ఎలక్ట్రాన్ వోల్టులు. పిల్లలు రాసుకున్నారు. కేంద్రకాన్ని ఎవరు పగలగొట్టారు, ఆ రెండు వందలు ఎవరు చూసొచ్చారు అని ఒక్కరూ అడగలేదు. చివరి బెంచీలో మిల్లు సారు కళ్లు సగం మూసుకుని తల ఊపుతున్నాడు. అక్కడితో పుస్తకంలో ఉన్న లెక్క చేసి ఊరుకుంటే సరిపోయేది. కానీ పిల్లలకు దగ్గరగా ఉండాలని నాకో తెలివి పుట్టింది. "ఇప్పుడు మన ఊరి బోరుకు ఐదు హెచ్‌పీ మోటరు ఉందనుకుందాం. అది తిరగాలంటే సెకనుకు ఎన్ని యురేనియం కేంద్రకాలు పగలాలి?" అన్నాను.

రెండో బెంచీ పిల్లవాడు లేచాడు. వాళ్ల నాయన మోటర్లకు వైండింగు కడతాడట, అందుకే అందరూ వాణ్ని వైండింగు అనేవాళ్లు. "ఐదు యాడ సాలుతాది మేడం? ఈడ నీళ్లు ఎనిమిదొందల అడుగుల్లో ఉండాయి" అన్నాడు.

"ఊరికే అనుకుందాం బాబూ."

"ఎట్ల అనుకుంటాం మేడం? ఐదు పెడితే గాలి గూడా రాదు."

"మా చేన్లో పదికే అంతంత మాత్రం వస్తాండాయి మేడం" అంది మొదటి బెంచీ పిల్ల. "పది పెడితే లో వోల్టేజీకి కాల్తాదే!" అని వెనక నుంచి ఇంకొకడు. "మీది కాలింది గడ్డి కంపెనీదిలే!" క్లాసు సంతలాగా అయిపోయింది. నా కళ్లముందు చొక్కాలు వరుసగా కనిపించాయి. అది చాలదన్నట్టు కిటికీలోంచి మా నాయన తల లోపలికి పెట్టి, "పాపా, ఏడున్నర ఎయ్యి! మన ఐదు పోయిన యేడే కాలిపాయ గదా, మర్సినావా?" అని అరిచాడు. భూమి చీలితే బాగుండు అనిపించింది. అంతలో చివరి బెంచీలోంచి మిల్లు సారు గొంతు: "ఏమప్పా, ఏడున్నర ఏ మూలకు? నేను పదైదు పెట్టినా!"

ఇక నాకు ఒళ్లు మండిపోయింది. ఎలాగూ ఉద్యోగం రాదు, కనీసం లెక్కయినా పూర్తి చేద్దామనుకున్నాను. "మీ మోటరు మీరే పెట్టుకోండి! హెచ్‌పీకి ఏడు వందల నలభై ఆరు వాట్లు. దాన్ని ఒక కేంద్రకం ఇచ్చే జౌల్‌తో భాగించండి. అందరూ! ఎవరి బోరు లెక్క వాళ్లదే!" అని బల్ల మీద చరిచాను.

ఒక్కసారిగా తలలన్నీ కిందికి వంగాయి. ఎలక్ట్రాన్ వోల్టుకు ఒకటి పాయింటు ఆరు, పది మీద మైనస్ పంతొమ్మిది అని గొణుక్కుంటూ గుణిస్తున్నారు. "నాది ఐదే మేడం, కోటి కోట్లకు పైన వస్తాండాది! రోజంతా ఆడితే ఎంత యురేనియం కావాల?" అని ఒక పిల్లవాడు అడిగాడు. ఆవగింజ బరువంత చాలని చెప్పాను. వైండింగు నోరు వెళ్లబెట్టాడు. ఇంతలో మిల్లు సారు కూడా ఏదో కాగితం మీద చేసి, "నాదానికి మరీ ఇన్నొచ్చె, ఇంత యురేనియం ఎవడు తెచ్చేది?" అన్నాడు. వైండింగు లేచి చివరి బెంచీ దాకా వెళ్లి ఆ కాగితం చూసి, "సార్, మెగా యాడ పెట్టినారు? ఆరు సున్నాలు మింగేసినారు గదా!" అన్నాడు. మిల్లు సారు ఆ పిల్లవాణ్ని చూశాడు, నన్ను చూశాడు, పెన్ను తీసి కొట్టేసి మళ్లీ మొదలుపెట్టాడు.

తర్వాత ఆఫీసు గదిలో ఆయన ఎదురుగా తల దించుకుని నిలబడ్డాను. "డెమోలో గలాటా అయితే తీసుకోకూడదని మా రూలమ్మా" అన్నాడు. నేను గుమ్మం వైపు తిరిగాను. ఆయన కాసేపు నూనె మరక పడిన చొక్కా జేబు సర్దుకున్నాడు. "ఆ గలాటాలో నేను గూడా ఉంటినే, ఏం జేసేది? రేపట్నుంచి రా" అన్నాడు. బయట నాయన బండి దగ్గర ఉన్నాడు. విషయం చెబితే, "నేను ఏడున్నర అని సమయానికి అందిచ్చినా కాబట్టి సరిపాయ" అన్నాడు. (చివరిదాకా ఆ ఉద్యోగం తన వల్లే వచ్చిందని ఊరంతా చెప్పుకున్నాడు. నేను ఎన్నడూ కాదనలేదు.)

ఇప్పుడు నేను పెద్ద కాలేజీలో సీనియర్ మేడాన్ని. కేంద్రకాల పాఠం వచ్చిన ప్రతి ఏడూ అదే లెక్క, అదే మోటరు. పిల్లలు చక్కగా రాసుకుంటారు, నాలుగు జవాబుల్లో సరైనదానికి గీత పెడతారు, కిమ్మనరు. ఆ రోజు నేను దేవుళ్లందరికీ మొక్కుకున్నది ఇలాంటి నిశ్శబ్దం కోసమే. అయినా ఐదు హెచ్‌పీ అని రాశాక చాక్‌పీసు పట్టుకుని బోర్డు వైపే తిరిగి కొంచెం సేపు ఆగుతాను, వెనక నుంచి ఎవరైనా "సాలదు మేడం" అంటారేమోనని.