అరగని సబ్బు

ముదలియార్‌పేటలో మా ఎదురింటి అత్త కంటితో చూసి దేన్నీ నమ్మేది కాదు. బియ్యం, గోడ సున్నం, నేను కట్టిన కొత్త చీర, ఏదైనా బొటనవేలితో రుద్ది చూడాల్సిందే. యానాం నుంచి ఈ తమిళ ఊరికి వచ్చిన కొత్తలో ఆ అలవాటు చూస్తే నాకు ఒళ్ళు మండేది.

కూలీలను మర్యాదగా చూసే తోటలోనే కూరగాయలు కొనాలని మా వీధి ఆడవాళ్ళం ఒకమాట అనుకున్నాం. ఊరి బయట ఒక తోట యజమాని, తెలుగాయనే, మాకు కొబ్బరిబోండాలు కొట్టించి, కూలి ఆడవాళ్ళ కోసం కట్టించిన మరుగుదొడ్డి చూపించాడు. తెల్లటి టైల్స్, కుళాయి, గూట్లో గులాబీ రంగు సబ్బు. మేమంతా మురిసిపోయాం. అత్త ఆ సబ్బును బొటనవేలితో రుద్దింది.

"ఏంది సార్, ఇంతమంది ఆడోళ్ళు వాడతా ఉంటే దీని మీద అచ్చు అట్లే ఉండాదే?"

"నిన్ననే కొత్తది పెట్టినామమ్మా" అని ఆయన నవ్వాడు. నాకు సబబుగానే తోచింది.

మరుసటి నెల వెళ్ళినప్పుడు యజమాని మరుగుదొడ్డి తాళం తీసి చూపించాడు. సబ్బు సగానికి అరిగి ఉంది.

"ఇప్పుడైనా నమ్ముతారా అత్తా?" అన్నాను.

అత్త వంకాయలు కోస్తున్న ఒకావిడ దగ్గరికి వెళ్ళి, "దొడ్డి తాళం యాడుంటాది తల్లీ?" అని మెల్లగా అడిగింది.

ఆవిడ యజమాని నడుముకు వేలాడుతున్న తాళాలగుత్తి వైపు ఒక్కసారి చూసి, తల దించుకుంది.

అత్త ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుంది.

"తాళం వీళ్ళ చేతికియ్యండి సార్, అప్పుడొస్తాం."

అప్పటికే నిండిన నా సంచిలోని వంకాయలను నేను మళ్ళీ గంపలో కుమ్మరించాను.