పొయ్యి లేని కాపురం

ఆ రోజుల్లో సాయంత్రం ఆఫీసు వదిలాక నేరుగా గదికి వెళ్ళడమంటే నాకు బతుకును వృథా చేసుకున్నట్టే ఉండేది. గన్‌ఫౌండ్రీలో గుమాస్తా పని, నాంపల్లిలో కిరాయి ఇల్లు, ఈ రెంటికీ నడుమ ఆబిడ్స్. దీపాలు వెలిగే వేళకు అక్కడి అద్దాల దుకాణాల ముందు నిలబడితే, లోపలి వస్తువులన్నీ నావేననీ, తీరిక దొరక్క ఇంకా ఇంటికి తీసుకుపోలేదనీ అనిపించేది. (నా జేబు సంగతి నా జేబుకే తెలుసు.) అట్లాంటి ఒక అద్దం వెనక పండ్ల రసం తీసే కరెంటు మిషను ఉండేది. తెల్లటి ఒళ్ళు, పైన గాజు గిన్నె. దాన్ని చూస్తూ నిలబడితే చినుకులు పడుతున్న సంగతి కూడా తెలిసేది కాదు.

ఈ పిచ్చికి కారణం మా గల్లీలోని ముల్లంగి సారు. రిటైరైన బడిపంతులు. ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. హోటలు తిండితో కడుపులో మంట పుట్టి నేను సోడాలు తాగుతూ తిరుగుతుంటే, ఒకనాడు అరుగు మీద కూర్చోబెట్టుకుని, "పొయ్యెక్కిన తిండి సచ్చిన తిండి బిడ్డా. గది కడుపుల పడ్డంక మండక ఏం జేస్తది?" అన్నారు. పచ్చి కూరలు, మొలకలు, కొబ్బరి, పండ్లు తినమన్నారు. వారం తిరిగేసరికి మంట తగ్గింది. ఇక నన్ను పట్టేవాళ్ళు లేరు. ఆయన మాటలన్నీ ఒక లావుపాటి నోటుబుక్కులో గుండ్రటి అక్షరాలతో రాసుకున్నాను. అప్పటికి నాకు పెళ్ళయి మూడు నెలలు. మా ఆవిడ ఇంకా సిద్దిపేట దగ్గర తన ఊళ్ళోనే ఉంది, శ్రావణంలో కాపురానికి రావాలి. మా ఇంట్లో పొగ ఉండదు, మసి ఉండదు. ఆమె జడలో పూలు పెట్టుకుని కిటికీ దగ్గర కూర్చుని దోసకాయలు తరుగుతుంది, నేను పక్కన కొబ్బరి కోరుతుంటాను, గాలికి కర్టెను ఊగుతుంటుంది. (కర్టెను కూడా ఇంకా కొనలేదు.) ఈ కలంతా నెలరోజులు కన్నాను గాని, పచ్చి కూరలు తింటావా అని ఆమెను ఒక్క ఉత్తరం ముక్కలోనైనా అడగాలని మాత్రం తోచలేదు.

కరెంటు మిషను ఎట్లాగూ అందదు కనుక, అందే సామాన్ల కోసం ఒక ఆదివారం బేగం బజార్ వెళ్ళాను. అక్కడి గిన్నెల దుకాణాల్లో పాత ఇత్తడి తూకానికి తీసుకుని, బదులుగా కొత్త సామాన్లు ఇచ్చే రివాజు ఉంది. నా దగ్గర ఇత్తడి అంటూ ఉన్నది ఒక్క పంపు స్టవ్వే. తల్లి లేని మా ఆవిడను పెంచి పెద్దచేసిన మేనత్త, పెళ్ళిలో చదివించింది. పొయ్యి లేని ఇంట్లో స్టవ్వు ఎందుకని సంచిలో వేసుకుని పోయాను. సేటు దాన్ని తిప్పి తిప్పి చూసి, కిరసనాయిలు డబ్బా మీద ఆమె చెక్కించిన తన పేరు దగ్గర ఆగాడు. "పేరున్నది సాబ్. ఇంట్ల అడిగి వచ్చినవా?" అన్నాడు. "ఇంట్ల నేనే ఉన్న," అన్నాను దర్జాగా. ఒక కొబ్బరికోరాం, ఒక తురుముపీట, కత్తిపీట, నిమ్మకాయ పిండే చెక్క, మొలకలకు మూతున్న జాడీ ఇచ్చాడు. వాటిని అలమరలో వరసగా పేర్చి, కొంచెం వెనక్కి జరిగి చూసుకున్నాను. ఆబిడ్స్‌లో ఏ అద్దం వెనకా అంత అందం లేదనిపించింది.

శ్రావణం వచ్చింది. మా ఆవిడనూ ఆమె మేనత్తనూ గౌలిగూడలో బస్సు దించుకుని రిక్షాలో తీసుకొచ్చాను. అత్తమ్మ గడపలో కుడికాలు పెడుతూనే ఇత్తడి గిన్నె, పాల చెంబు బయటికి తీసింది. కొత్త కాపురం మొదలయ్యే ఇంట్లో అన్నిటికంటే ముందు పాలు పొంగించాలి కదా. ఈ భూమ్మీద ప్రతి ఇంట్లోనూ జరిగే ఆ ముచ్చట, నెలరోజులు కాపురం గురించి తప్ప ఇంకేమీ ఆలోచించని నాకు, ఆ క్షణందాకా గుర్తు రాలేదు.

"స్టవ్వేది అల్లుడా? నేను పెట్టింది?"

"రిపేరుకిచ్చిన అత్తమ్మా."

"కొత్త స్టవ్వుకు రిపేరేంది?"

మా ఆవిడ అలమర వైపు చూస్తోంది. ఇంటి ఓనరమ్మ బొగ్గుల కుంపటి ఇస్తానంది గాని అత్తమ్మ ఒప్పుకోలేదు. "ఒకరింటి నిప్పు మీద మన పాలు పొంగియ్యద్దు," అని కింద కూర్చుంది. పాలు పొంగకపోతే పిల్లను వెంటబెట్టుకుని మళ్ళీ బస్సెక్కుతుందని నాకు గట్టిగా అనిపించింది. అట్లాంటి మనిషే. పరుగున పోయి వాకిట్లోంచి మూడు ఇటుకలు తెచ్చాను, జాడీ వచ్చిన చెక్కపెట్టెను విరగ్గొట్టాను. వానాకాలపు చెక్క, ఎంతకీ అంటుకోదు. అప్పుడు మా ఆవిడ అలమరలోంచి నా నోటుబుక్కు తీసి, "గిది గావాల్నా?" అని మెల్లగా అడిగింది. నాతో కాపురంలో ఆమె మాట్లాడిన మొదటి మాట అది. "అక్కర్లేదు," అన్నాను. సచ్చిన తిండి గురించి ముల్లంగి సారు చెప్పిందంతా చక్కగా మండింది. నేను నేల మీద బోర్లా పడుకుని ఊదుతూనే ఉన్నాను. చివరికి పాలు పొంగి ఇటుకల మీదుగా కారాయి. అత్తమ్మ చేతులు జోడించింది.

మర్నాడు పొద్దున అత్తమ్మను బస్సెక్కించి మేమిద్దరం నడిచి వస్తుంటే, దాచలేక మొత్తం చెప్పేశాను. స్టవ్వు, సేటు, దోసకాయలు, కర్టెను అన్నీ. ఇక నా గురించి ఏమనుకుంటుందోనని భయం భయంగా చూశాను. ఆమె కొంతదూరం తల వంచుకుని నడిచి, "నేనొకటి చెప్త, నవ్వద్దు. నాకు వంట రాదు. మీరేమంటరో అని నెల సంది ఫికర్ పడుతున్న. గా కొబ్బరికోరాం జూసినంక నా పానం నిమ్మళమైంది," అంది. రోడ్డు మీదే ఎగరాలనిపించింది. దేవుడు నన్నూ ఆమెనూ కొలిచి జతచేశాడనుకున్నాను.

పదకొండు రోజులు పచ్చి కూరలు తిన్నాం. పన్నెండో రోజు పక్కింటి పోపు వాసనకు నాకు కళ్ళు తిరిగాయి. ఎవరికీ చెప్పకుండా తురుముపీటా, జాడీ తీసుకుని బేగం బజార్ పోయాను. స్టవ్వు అక్కడే వేలాడుతోంది. "ఒకరి పేరున్న స్టవ్వు ఎవరు కొంటరు సాబ్," అని నవ్వి ఇచ్చేశాడు సేటు. ఆ పూట మా ఆవిడ భయపడుతూ భయపడుతూ పప్పుచారు పెట్టింది. అట్లాంటి పప్పుచారు నేను మా అమ్మ చేతి వంటలో కూడా తినలేదు. మా ఆవిడ ఒక్క రోజులో వంట నేర్చిందనీ, ఇదంతా మొలకల మహిమేననీ ఆఫీసంతా చెప్పి తిరిగాను. ఒకరిద్దరు మొలకలు కట్టడం కూడా మొదలుపెట్టారు.

మొన్నీమధ్య ఏదో మాటల్లో ఆ సంగతి ఎత్తి, "నీకప్పుడు వంటే రాదు, యాదికున్నదా?" అన్నాను. ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతూ తల ఎత్తలేదు. "పదేండ్ల పిల్లప్పటి సంది మా ఇంట్ల పన్నెండు మందికి వండింది నేనే," అంది.

"మరి గట్లెందుకు చెప్పినవ్?"

"గా పొద్దు మీ మొగం జూసి ఇంకోటి చెప్పబుద్ధి గాలే."

ఇన్నేళ్ళు కాపురం చేసినా ఆ మాట నాకు మొన్నటిదాకా తెలియదు. గౌలిగూడ నుంచి నాంపల్లి దాకా ఆ పొద్దున తేలిపోతూ నడిచిన ఆ కుర్రవాణ్ణి తలచుకుంటే నవ్వు వస్తుంది. పక్కన ఎవరు నడుస్తున్నారో వాడికి ఏమాత్రం తెలియదు.