మురికి దాచని రంగు

సితాన్ కులిబాలి బట్టల పెట్టె తెరిస్తే కాఫీ రంగు, ముదురు నీలం, వక్క రంగు, దాని కింద మళ్ళీ కాఫీ రంగు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆమె విన్న మాట ఒక్కటే, "మురికి కనపడని రంగు తీసుకోవే" అని. చిన్నప్పుడు తల్లి అనేది, కాపురానికొచ్చాక అత్త అంది, అత్త పోయాక ఆ బాధ్యత మొగుడు జుమానా నెత్తిన వేసుకున్నాడు. వాళ్ళనీ తప్పు పట్టలేం. బమాకో పట్నంలో నది ఒడ్డున సలాడు ఆకు, పుదీనా, ఉల్లికాడలు పండించి బజారుకు తోసుకెళ్ళే మనిషి ఆమె. తెల్లారేసరికి మోకాళ్ళ దాకా బురద. కాళ్ళకు రబ్బరు బూట్లు, ఒంటి మీద మొగుడు వదిలేసిన ఫుట్‌బాల్ చొక్కా, నడుముకు కాఫీ రంగు గుడ్డ. ఆ వేషం చూసి ఎవరైనా నవ్వబోతే, "సలాడు నా మొహం చూసి మొలవదులే" అని తనే ముందు నవ్వేసేది.

పైకి నవ్వితే మాత్రం లోపల మనసు ఊరుకుంటుందా? ఆదివారం వస్తే ఆ ఊళ్ళో వీధికో పెళ్ళి. రంగు వేయించి, గంజి పెట్టి, చెక్క రోకళ్ళతో బాదించి అద్దంలా మెరిపించిన బజేన్ గుడ్డ, దాంతో కుట్టిన బుబు అనే పెద్ద వదులు అంగీ ఒక భుజాన జారుతుంటే సర్దుకుంటూ ఆడవాళ్ళు బండి దిగుతుంటారు. నడిస్తే ఆ గుడ్డ కొత్త కాగితంలా గరగరలాడుతుంది. ఆ చప్పుడు వినడానికి సితాన్ తోపుడు బండి ఆపి ఎండలో అలా నిలబడిపోయేది. బండిలో పుదీనా వాడిపోయేది.

పోయిన చలికాలంలో ఒక బారసాలకు వెళ్ళింది. ఉన్నంతలో మంచిది, కాఫీ రంగు గుడ్డే కట్టుకుంది. గుమ్మంలో ఎవరో పెద్దింటావిడ ఆమె చేతిలో బిందె పెట్టి, "అమ్మాయీ, వెనకాల నీళ్ళయిపోయాయి చూడు" అంది. ఆ మాట కన్నా సితాన్‌ని ఎక్కువ బాధపెట్టిందేమిటంటే, తన చేతులు మారుమాట లేకుండా బిందె అందుకోవడం, కాళ్ళు కుళాయి దగ్గరికి నడవడం. బిందె సగం నిండాక గాని తాను కూడా చుట్టంగానే వచ్చానన్న సంగతి గుర్తు రాలేదు. ఇంటికొచ్చి ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి సిగ్గేసింది.

ఇంతలో చెల్లెలి కూతురు అస్తాన్‌కి పెళ్ళి కుదిరింది. చెల్లెలి కూతురంటే కూతురే కదా. పెళ్ళిలో తల్లుల వరసలో, ముందు కుర్చీల్లో సితాన్‌కీ ఒక కుర్చీ ఉంటుంది. ఎలా కూడబెట్టిందో ఆమెకీ దేవుడికీ తెలియాలి, తెల్లటి బజేన్ గుడ్డ ఒకటి కొని, రంగులు వేసే వాసా వాకిట్లో దించింది.

"ఏ రంగు వెయ్యమంటావు అక్కా?" అంది వాసా, వక్క రంగు కుండ వైపు అప్పుడే చెయ్యి చాస్తూ.

"నారు మొలిచి నాలుగాకులు వేసినప్పుడు సలాడు ఎలా ఉంటుంది, ఆ రంగు."

"ఆ రంగు మీద ఈగ వాలినా కనపడుతుంది."

"కనపడనీ" అంది సితాన్. "బతుకంతా కనపడనివే కట్టాను."

ఆ లేతాకుపచ్చ గుడ్డ అక్కణ్ణుంచి బుర్లాయ్ కేతా పాకకు చేరింది. బుర్లాయ్ గుడ్డలు బాదే మనిషి. ఆ పాకలో ఇద్దరేసి మనుషులు దుంగకు అటూ ఇటూ ఎదురెదురుగా కూర్చుని, ఒకరి రోకలి లేస్తుంటే ఇంకొకరిది పడుతుండగా, పొద్దస్తమానం ఊరివాళ్ళ బట్టలకు మెరుపు తెప్పిస్తుంటారు. కేతాలకీ కులిబాలీలకీ తాతల నాటి నుంచీ పరాచికాల చుట్టరికం. ఎంత మాటన్నా కోపం తెచ్చుకోకూడదు, అడిగింది కాదనకూడదు. కేతాలు రాజుల వంశమట. కులిబాలీలు బొబ్బర్లు తినేవాళ్ళట, ఆ ఊళ్ళో అంతకన్నా ఎగతాళి మాట లేదు. ఈ రెండు ముక్కల మీదే కొన్ని తరాలు నవ్వుకున్నాయి.

"వచ్చావా బొబ్బర్లదానా" అన్నాడు బుర్లాయ్, గుడ్డ అందుకుని. "ఎవరింట్లో ఎత్తుకొచ్చావు దీన్ని?"

"రాజ్యం లేని రాజా, నోరు మూసుకుని బాదు. నీ ముత్తాత మా ముత్తాత గుర్రానికి గడ్డి కోసేవాడు."

"ఆ గడ్డి కూడా మీవాళ్ళే తినేశారుగా, బొబ్బర్లు చాలక."

నవ్వుకుంటూ ఇంటికెళ్ళింది. పెళ్ళికి సరిగ్గా వారం ముందు, ఆదివారం రాత్రి, ఎవరూ అనుకోని వేళ, గాలివాన కొట్టింది. బుర్లాయ్ పాక మీది పరదా చినిగింది. పై బల్ల మీద ఎవరిదో కారునీలం గుడ్డ ఉంది, కింద బల్ల మీద సితాన్ గుడ్డ. వాన నీళ్ళు పై గుడ్డను తడిపి, నీలం కరిగించుకుని, బొట్టు బొట్టుగా లేతాకుపచ్చ మీదికి దిగాయి.

సోమవారం పొద్దున్నే బుర్లాయ్ పని మానుకుని సైకిలు తొక్కుకుంటూ నది ఒడ్డుకు వచ్చాడు. సితాన్ మడిలో కలుపు తీస్తోంది.

"నీ గుడ్డ పాడైంది" అన్నాడు.

"అయ్యో పాపం" అంది సితాన్ తలెత్తకుండానే.

"నీలం మచ్చలు పడ్డాయి. ఉతికినా పోవడంలేదు."

"బొబ్బర్లు ఆరబెట్టుకోవడానికి పనికొస్తుందిలే."

"నిజంగానే చెబుతున్నానే తల్లీ. దేవుడి మీద ఒట్టు."

సితాన్ పడీ పడీ నవ్వింది. కిందటేడు ఇదే దేవుడి మీద ఒట్టేసి, జుమానా తన వ్యానులో లేని రెండో పెళ్ళాన్ని తిప్పుతున్నాడని చెప్పింది ఇతగాడే. "నువ్వు నిజం చెప్పిన నాడు నది వెనక్కి పారుతుంది. పో, పని చూసుకో" అంది. బుర్లాయ్ కాసేపు తల గోక్కుంటూ నిలబడి, సైకిలెక్కి వెళ్ళిపోయాడు. పాకలో తోటివాళ్ళతో, "ఎంత గుండె నిబ్బరంరా ఆ మనిషికి, నవ్వి ఊరుకుంది" అన్నాడు. తన మాట ఆమె నమ్మనేలేదన్న ఊహ అతని బుర్రకు తట్టలేదు. పుట్టాక ఒక కులిబాలితో నిజం చెప్పాల్సిన అవసరం అతనికి అదే మొదటిసారి మరి.

గురువారం మధ్యాహ్నం సితాన్ గుడ్డ కోసం వచ్చింది. ఆదివారం పెళ్ళి, ఇంకా దర్జీకి ఇవ్వాలి. బుర్లాయ్ మడత విప్పాడు. ఒక కొస నిండా నీలం చుక్కలు, చిక్కుడుగింజంత కొన్ని, ఆవగింజంత కొన్ని. సితాన్ వేలితో ఒకదాన్ని తుడిచింది. పోలేదు. గోటితో గీకింది.

"నీకు చెప్పాను కదే" అన్నాడు బుర్లాయ్.

తిడదామని నోరు తెరిచింది. ఏ తిట్టు తీసుకున్నా ఇరవై ఏళ్ళుగా వాడి వాడి అరిగిపోయిందే. అతన్ని అనడానికి ఆమె దగ్గర నిజమైన తిట్టు ఒక్కటీ మిగల్లేదు. దుంగ మీద కూర్చుని ఊరుకుంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ మౌనానికి బుర్లాయ్‌కి భయమేసింది. పాకలో రోకళ్ళన్నీ ఆగిపోయాయి.

"ఏదైనా అనవే" అన్నాడు. "మా ముత్తాతని తిట్టు."

కబురందుకుని వాసా వచ్చింది. గుడ్డను వెలుతురుకు పట్టి చూసి, "ఏం కంగారు లేదక్కా. వక్క రంగులో ఒక్క ముంచు ముంచితే మచ్చ మాయం. ఏమీ కనపడదు" అంది.

ఆ మాటకి సితాన్‌కి ఏడుపు ఆగలేదు. చివరికి మళ్ళీ అదే రంగు. చుట్టూ తిరిగి మళ్ళీ అదే కుండలో పడాలన్నమాట. గుడ్డ చంకన పెట్టుకుని పొలానికి వెళ్ళిపోయింది. ఎందుకంటే సాయంత్రమవుతోంది, పెళ్ళి ఆగినా నారు ఆగదు.

గుడ్డను గట్టు మీద పరిచి, సొరబుర్రలో నది నీళ్ళు ముంచుకుని నారుమడికి దిగింది. పెద్ద మొక్కలకైతే డబ్బాతో పోస్తారు. నారు మీద అలా పోస్తే వేళ్ళు లేచిపోతాయి. అందుకని వేళ్ళ సందుల్లోంచి, మణికట్టు విదిలించి, సన్నగా చల్లాలి. మడి చివరిదాకా చల్లి, నడుం పట్టుకుని వెనక్కి తిరిగింది. లేతాకుల మీద నీటి బొట్లు. గట్టు మీద గుడ్డ. ఆ గుడ్డను చూడగానే సితాన్‌కి దుఃఖం బదులు చిరాకేసింది. ఎవడో చేతకానివాడు మడికి ఒక మూల నీళ్ళు గుమ్మరించి, తక్కినదంతా ఎండబెట్టి పోయినట్టుంది. సగం తడిపిన మడిని వదిలేసి ఆమె ఏనాడూ ఇంటికి వెళ్ళలేదు.

శుక్రవారం పొద్దున సితాన్, వాసా వాకిట్లో చాపల మీద గుడ్డ పరిపించి, సొరబుర్ర నిండా కారునీలం పోయించుకుంది.

"అక్కా, ఒక్కసారి పడిందంటే తియ్యలేం" అంది వాసా, గుండె చేత్తో పట్టుకుని.

"తియ్యమని ఎవరన్నారు?"

మొదటి విదిలింపుకు, చూడ్డానికి వచ్చిన బుర్లాయ్ కళ్ళు మూసుకున్నాడు. సితాన్ మాత్రం మడి వెంట నడిచినట్టు గుడ్డ వెంట వెనక్కి వెనక్కి నడుస్తూ చల్లుతూ పోయింది. కొస దగ్గర దట్టంగా ఉన్న చుక్కలు పోను పోను పలచబడి, భుజాల దగ్గరికి వచ్చేసరికి ఆవగింజలయ్యాయి. ఎక్కడా ముద్దకట్టలేదు, ఎక్కడా ఎండలేదు. వాసా వంగి చుక్కల వరస కొస నుంచి భుజాల దాకా చూసింది. ఆఖరికి, "ఈ చెయ్యి నాకు అద్దెకిస్తావా?" అంది.

శనివారం బుర్లాయ్ ఆ గుడ్డను ఇంకెవరినీ ముట్టుకోనివ్వలేదు. ఎదురు రోకలి పట్టినవాడు అలిసిపోయి మారినా తను మారకుండా బాదాడు. దర్జీకి బుటా పని చేసే వ్యవధి లేకపోయింది. మెడ కోసి, అంచులు కుట్టి ఇచ్చేశాడు. ఆ చుక్కల మీద ఇంకే పనీ అక్కర్లేదు కూడా.

ఆదివారం సితాన్ బుబు వేసుకుని గదిలోంచి వచ్చింది. గరగరమని చప్పుడైంది. ఆ చప్పుడు తనదేనని నమ్మకం కుదరక రెండడుగులు వెనక్కి వేసి మళ్ళీ నడిచింది. జుమానా చూశాడు. మురికి సంగతి ఎత్తుతాడనుకుంది. అతను వ్యాను దగ్గరికెళ్ళి, తొడుక్కున్న చొక్కా విప్పి, దాంతో ముందు సీటు తుడవడం మొదలుపెట్టాడు.

"అయ్యో, పెళ్ళికి వేసుకోవాల్సిన చొక్కా" అంది సితాన్.

"ముదురు రంగేలే. కనపడదు" అన్నాడు జుమానా.

పందిట్లో తల్లుల వరసలో కూర్చుంది. అటుగా పోయేవాళ్ళు ఆగి, ఈ అద్దకం ఏ వీధిలో వేస్తారని అడిగారు. "నది ఒడ్డున" అంది సితాన్. ఇంతలో వెనక నుంచి ఎవరో, "నీళ్ళయిపోయాయి" అని కేక వేశారు. ఆమె కాళ్ళు అలవాటుగా సగం లేచాయి. పక్కనున్న చెల్లెలు ఆమె బుబు అంచు మీద చెయ్యి వేసి నొక్కి, "కూర్చో అక్కా, ఎవరో ఒకరు తెస్తారు" అంది. సితాన్ కూర్చుంది. నీళ్ళు ఎవరో తెచ్చారు.

వడ్డనల వేళకు బుర్లాయ్ వచ్చాడు. ఆచారం ప్రకారం కులిబాలీల పెళ్ళికి ఒక కేతా వచ్చి నలుగురిలో నాలుగు తిట్లు తిట్టి పోవాలి. జనం మాటలాపి అతని వైపు తిరిగారు. బుర్లాయ్ తల్లుల వరస ముందు నిలబడి, గొంతు సవరించుకుని, సితాన్‌ని చూసి నోరు తెరిచాడు. ఏమీ రాలేదు. మళ్ళీ తెరిచాడు. ఆమె భుజం దగ్గర మెరుస్తున్న ఆవగింజంత చుక్కలు చూస్తూ అలాగే ఉండిపోయాడు.

"ఏం రాజా, మాట రావడం లేదు?" అంది సితాన్. "నోటి నిండా బొబ్బర్లా?"

ఒక కేతాని అంతకన్నా పెద్ద మాట అనలేరు.

"అవునే తల్లీ" అన్నాడు బుర్లాయ్ చేతులు జోడించి. "బొబ్బర్లే. ఇవాళ నేనే తిన్నాను."

ఆ మాట ఒప్పుకున్నవాడు కేతా వంశంలో అంతకు ముందు లేడు, తర్వాతా పుట్టలేదు. అది పరాచికం కాదని ఈసారి సితాన్‌కి ఎవరూ ఒట్టేసి చెప్పాల్సిన పని పడలేదు.