పేడముద్దలో పళ్ళ సెట్టు

మొన్న నాకు కట్టుడు పళ్ళు పెడుతూ డాక్టరమ్మ "వదులుగా ఉన్నాయా అమ్మా?" అని అడిగితే నవ్వు ఆపుకోలేకపోయాను. ఆ కుర్చీలోనే మా నాయన గుర్తొచ్చాడు. అనంతపురం జిల్లా యాడికిలో దర్జీ ఆయన. పెరిగే పిల్లల చొక్కా ఏదైనా సరే, లోపలికి నాలుగు వేళ్ళ గుడ్డ మడిచి కుట్టేవాడు. ఏడాది తర్వాత ఆ మడత విప్పితే చొక్కా మళ్ళీ సరిపోయేది.

మా తమ్ముడికి పుట్టుకతోనే ఏదో లోపం, పళ్ళు మొలవనే లేదు. చెమట కూడా పట్టేది కాదు. మా ఎండలకు వాడి ఒంటిమీద ఎప్పుడూ తడి తువ్వాలే. కొత్త పన్ను రావాలని, ఊడిన పాలపన్ను పేడముద్దలో పెట్టి మేం మిద్దెమీదికి విసురుతుంటే, వాడు చేతులు వెనక్కి కట్టుకుని చూసేవాడు. సంగటైతే మింగేవాడు గానీ, వేయించిన శనక్కాయల కోసం వాడి ప్రాణం కొట్టుకునేది. అరవైల మొదట్లో, వాడికి ఐదేళ్ళప్పుడు, అనంతపురంలో ఒక డాక్టరు చిన్న పళ్ళ సెట్టు చేస్తానన్నాడు.

"పెరిగే పిల్లోడు సామీ, రవ్వంత వదులుగా చెయ్యండి. నాలుగేండ్లు వస్తాయి" అన్నాడు నాయన.

"ఇది చొక్కా కాదప్పా. వదులైతే నోట్లో నిలవదు. దవడ పెరిగినాక మళ్ళా రా, కొత్తవి చేస్తా" అన్నాడు డాక్టరు.

మళ్ళా రమ్మన్న మాట నాయన చెవికెక్కలేదు. తమ్ముడు శనక్కాయ కొరికిన చప్పుడుకే ఇల్లంతా మురిసిపోయాం. రెండేళ్ళు తిరిగేసరికి వాడు చడీచప్పుడు లేకుండా సంగటికే తిరిగొచ్చాడు. ఏమిరా అంటే "బాగుండాయి" అనేవాడు. ఒకరోజు మడత విప్పిన చొక్కా వాడికి తొడిగి చూస్తున్న నాయనకు ఏం అనుమానం వచ్చిందో, గడ్డం పట్టుకుని నోరు తెరిపించాడు. చిగుళ్ళు పుండ్లు పడి ఉన్నాయి.

"ఎందుకు చెప్పలేదురా?"

"పట్టలేదంటే తీసేసుకుంటారని, నాయనా."

ఊరి పిల్లల కొలతలన్నీ కంటిచూపుతో చెప్పే మనిషి, కొడుకు దవడ పెరిగింది చూసుకోలేదని ఏడ్చాడు. నాయన ఏడవగా నేను చూసింది ఆ ఒక్కసారే.

మర్నాడే అనంతపురం పోయారు. కొత్త సెట్టు వచ్చాక, పాతది నాయన పెట్టెలో దాచబోతే మా అవ్వ లాక్కుంది. "ముద్ద పెద్దదే కావల్ల, నోటెడు పండ్లు గదా" అంటూ పేడలో పొదిగి తమ్ముడి చేతిలో పెట్టింది. వాడు దాన్ని మిద్దెమీదికి విసిరి, మా వైపు తిరిగి పళ్ళన్నీ కనబడేలా నవ్వాడు. పెద్దయ్యేలోగా వాడివి ఇంకో మూడు సెట్లు అలాగే మిద్దెక్కాయి.

"సరిగ్గా ఉన్నాయమ్మా" అన్నాను డాక్టరమ్మతో. పాతవి ఇరుకై మిద్దెమీదికి విసిరేంతగా పెరిగే కాలం నాకింకెక్కడిది?