వంశధార మీద తొక్కుడు చక్రం

నేను విశాఖపట్నంలో పుట్టి పెరిగిన దాన్ని. ట్రంకు కాల్స్ కలిపే ఉద్యోగం, పొద్దస్తమానం చేతిలో ఫోనే. "ఇంకా ఎంతసేపమ్మా" అని అవతలివాళ్లు గదమాయిస్తే చాలు, నాకు తిక్క రేగుతుంది. అది చల్లారేది మా అత్త వాళ్ల ఊళ్లోనే. శ్రీముఖలింగానికి కాస్త ఎగువన, వంశధార ఒడ్డున వాళ్ల ఇల్లు. పొలం మాత్రం అవతలి ఒడ్డున.

పంతొమ్మిది వందల అరవై ఎనిమిది ఆషాఢంలో ఎద్దు కుమ్మి అత్త కొడుకు, మా బావకి కుడి భుజం విరిగింది. ఎముక అతికింది గానీ చెయ్యి చెవి దాకా కూడా లేవదు. ఇక పడవ నెట్టే గెడకర్ర వెయ్యలేడు. గెడ లేకపోతే సంగడి కదలదు. రెండు తాటిదోనెలు పక్కపక్కన కట్టిన పడవ అది. అప్పట్నుంచీ రోజూ పొద్దున్నే పక్కింటి మావ కోసం ఒడ్డున కాచుకునేవాడు. మావకి తీరికైతే పొలానికి, లేకపోతే వెనక్కి ఇంటికి. ఒకరిని అడగాలంటే బావకి ప్రాణం చచ్చిపోయేది.

దసరాకి నేను వెళ్లేసరికి రెండు దోనెల మధ్యన చక్రం బిగిస్తున్నాడు. దానికి సైకిలు పెడళ్లు, చైను.

"సెయ్యి పోతే కాళ్లు నేవేటి?" అన్నాడు.

చక్రానికి రెక్కలుగా కిరసనాయిలు డబ్బాలు కోసి కట్టాడు. తాతల నాటి నుంచీ ఏతాలతో నీళ్లు తోడిన ఇల్లు అది. నీళ్లలో ముంచింది ఏదైనా నీళ్లు పట్టుకునే పైకి రావాలి వాళ్లకి. బావ తొక్కాడు. డబ్బాలు నిండుగా లేచి ఆయన నెత్తిన బోర్లాపడ్డాయి. సంగడి ఉన్నచోటే ఉంది.

ఒడ్డున మావ పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఒరే అల్లుడా! ఏరు దాటతావనుకున్నాను, ఏరు తోడెత్తన్నావేటి?"

"నువ్వు తొక్కి చూపించు మావా, చూస్తాను!" అని ఎగిరిపడ్డాను.

"ఓలమ్మ, పట్నం గుంటకి కోపమొచ్చినాది," అని ఇంకా నవ్వాడు. బావ మాత్రం చొక్కా పిండుకుంటూ చక్రం వైపే చూస్తున్నాడు.

సెలవు అయిపోయి తిరిగి పనిలో చేరాక, హార్బరులో పడవలు బాగుచేసే ముసలి మేస్త్రి ఒకాయన్ని ఫోన్లో పట్టుకుని వెనకటి ఆవిరి పడవల చక్రాల గురించి అడిగాను. ఎందరో ఇదే తిప్పలు పడ్డారట. బిగించిన పలక దిగేప్పుడు నీళ్లని చాచి కొడుతుంది, లేచేప్పుడు ఎత్తుకొస్తుంది. బలమంతా అక్కడే పోతుంది. ఒకరు పలకల్ని ఏటవాలుగా పెట్టారట, ఒకరు ముక్కలు కోసి మెట్లలా పేర్చారట. పలక దానంతటది కదిలేలా చేశాకే దారికొచ్చిందట.

"నెట్టడం అయిపోగానే నీళ్లని వదిలెయ్యాలమ్మా," అన్నాడాయన.

కార్తీకంలో ఆమదాలవలసలో రైలు దిగి, నేరుగా వెళ్లి ఈ మాట చెప్పాను. బావ చక్రం దగ్గరికెళ్లి ఒక డబ్బాని ఊపి చూసి, "అయితే డబ్బాలు తీసేసి పలకలెట్టాల. ఆటికి మడతబందులు కావాల," అన్నాడు.

అత్త వంటింటి తలుపు చూపించింది. "బేగి ఊడదియ్యి."

"తలుపు నేపోతే ఏటవుతాదే అమ్మా?"

"ఏటవుతాది? నా వంట నలుగురూ సూస్తారు."

ఆ తలుపు బందులు చాలక కిటికీలవి కూడా పీకి, రాత్రికి రాత్రే పలకలు బిగించాం. మర్నాడు పొద్దున బావ సంగడి ఎక్కాడు. మావ గెడ పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. "ఎనకాల రమ్మంతావేటి?"

"వొద్దు మావా."

పలకలు నిటారుగా దిగి, నెట్టి, లేచేప్పుడు మడుచుకుని నీళ్లు జార్చేస్తున్నాయి. నడిమి ఏట్లో నీటి వాలు సంగడిని పక్కకి లాగేసింది. బావ తొక్కడం ఆపలేదు. ఎక్కడో దిగువన అవతలి ఒడ్డు చేరాడు. సంగడిని కట్టేసి, పండిన వరిలోకి నడిచి కనబడకుండా పోయాడు.

మధ్యాహ్నం దాటినా రాలేదు. నాకు కాలు నిలవలేదు. "మావని పంపుదాం అత్తా!"

"కూకో గుంటా," అంది అత్త. "అడక్కండా ఎల్లినాడు. అడక్కండానే వస్తాడు."

మావ గెడ కింద పెట్టి మా పక్కన చతికిలబడ్డాడు. ముగ్గురం అవతలి ఒడ్డు చూస్తూ కూర్చున్నాం.